పాత వంతెన మారే దాకా బండ్లు నడిచేదెట్లా: వరంగల్ రోడ్ల మీద వాడే పద్ధతులకు మార్కులు

వాగు మీద పాత వంతెన తీసేసి కొత్తది కడుతున్నారంటే అందరూ కొత్త వంతెన గురించే అడుగుతారు. ఎంత పొడవు, ఎన్ని కోట్లు, ఎప్పుడు ప్రారంభం అని. కానీ పని నడిచినంత కాలం బస్సులు, అంబులెన్సులు, వడ్ల లారీలు పోయేది పక్కన వేసిన డైవర్షన్ రోడ్డు మీదనే. జనానికి అందే సేవ అదే. అది బాగుంటే పని ఆరు నెలలు ఆలస్యమైనా ఓర్చుకుంటారు. అది ఒక్క వానకు కొట్టుకుపోతే ఇరవై ఊళ్లు చుట్టు తిరిగి పోవాలి. అందుకే ఈ సమీక్షలో కొత్త వంతెనను పక్కన పెట్టి, అది పూర్తయ్యేదాకా రాకపోకలు నడిపే ఏర్పాట్లనే చూస్తున్నాం. హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్ వైపు ఎక్కువగా కనిపించే అయిదు పద్ధతులకు అయిదేసి మార్కుల లెక్కన విలువ కడుతున్నాం. మార్కులు పద్ధతికే, ఏ కంపెనీకీ ఏ ఆఫీసుకూ కాదు.

ముందు ఒక మాట. పాతదన్న ప్రతి వంతెననూ పడగొట్టాల్సిన పని లేదు. రెయిలింగు విరిగింది, జాయింటు దగ్గర బండి ఎగురుతోంది, దూలానికీ స్తంభానికీ మధ్య ఉండే బేరింగు రబ్బరు ఉబ్బి పగిలింది అన్న కారణాలతో వంతెనను మార్చరు. బేరింగులను రాత్రిపూట రాకపోకలు ఆపి, ఒక పియరు (స్తంభం) మీది గడ్డర్లన్నిటి (స్లాబును మోసే పొడవాటి దూలాలు) కిందా జాకీలు పెట్టి, అన్నిటినీ ఒకేసారి 5 నుంచి 10 మిల్లీమీటర్లు లేపి మార్చుకోవచ్చు. జాకీలు ఒకటి ముందు, ఒకటి వెనక లేస్తే మాత్రం గడ్డర్లను కలిపే అడ్డ దూలం పగులుతుంది. అందుకే అన్నిటికీ ఒకే పంపు, ఒకే కొలత ఉండాలి. వంతెననే మార్చక తప్పని కారణాలు వేరు. పునాది కింద ఇసుక కొట్టుకుపోయి రాయి బయటపడటం, వరద మట్టానికి కింద స్లాబు ఉండటం, వెడల్పు 6 నుంచి 7.5 మీటర్లే ఉండి రెండు లారీలు ఇబ్బంది లేకుండా తప్పుకోలేకపోవడం, గడ్డరు అడుగున కాంక్రీటు రాలి చువ్వలు తేలడం. మన దగ్గర బరువు సంగతి కూడా చూడాలి. 2018లో కేంద్రం లారీల ఇరుసు బరువు పరిమితిని పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నుల నుంచి 11.5కు, జంట ఇరుసుకు 19 నుంచి 21కి చేరింది. కరీంనగర్ గ్రానైట్ దిమ్మెల లారీలు తిరిగే రోడ్ల మీద యాభై ఏళ్ల కిందటి స్లాబులు అప్పటి లెక్కలతో కట్టినవేనని గుర్తుంచుకోవాలి.

తూము పైపుల డైవర్షన్: 5కు 2.5

ఎక్కడ చూసినా ఇదే. వాగులో అడ్డంగా మొరం కట్ట పోసి, అడుగున హ్యూమ్ పైపులు పరిచి, పైన కంకర వేసి బండ్లు వదులుతారు. చవక, పది పదిహేను రోజుల్లో తయారవుతుంది, అన్ని రకాల బండ్లూ పోతాయి. ఎండాకాలంలో దీనికి పోటీ లేదు. సగం మార్కులు పోయేది వానాకాలంలో.

లెక్క చూద్దాం. 1200 మిల్లీమీటర్ల పైపులో నీళ్లు పోయే జాగా 1.13 చదరపు మీటర్లు. అట్లాంటివి 12 వరుసలు వేస్తే 13.6. నీళ్లు సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతాయనుకుంటే 27 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 950 క్యూసెక్కులు. ఇప్పుడు వాగు సంగతి. 100 చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉన్న మామూలు వాగు మీద ఒక రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగం వాగులోకి వచ్చిందనుకున్నా రోజు మొత్తం సగటే సెకనుకు 58 ఘనపు మీటర్లు. ఉధృతి వచ్చిన గంటలో దానికి ఎన్నో రెట్లు. అంటే 12 వరుసల పైపులు మామూలు ముసురుకు సరిపోతాయి తప్ప గట్టి వానకు నిలవవు. 2023 జూలై ఆఖరులో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లలో మునిగింది. అలాంటి రోజున ఏ పైపుల కట్టా నిలవదు. నిలబెట్టాలనుకోవడం కూడా తప్పే. కట్ట ఎత్తు పెంచితే వెనక నీళ్లు ఎగదన్ని పొలాల మీద పడతాయి.

అందుకే మంచి డైవర్షన్‌లో వరద దాటిపోయే చోటు ముందే పెడతారు. కట్ట మధ్యలో 15, 20 మీటర్ల పొడవున మిగతా దానికన్నా 30 నుంచి 45 సెంటీమీటర్లు పల్లంగా ఉంచి, ఆ భాగం పైన, దిగువ వాలు మీద కాంక్రీటు పోస్తారు. వరద ఆ పల్లం మీదుగా దాటిపోతుంది. రెండు రోజులు రాకపోకలు ఆగుతాయి, కట్ట మాత్రం మిగులుతుంది. ఈ పల్లం లేకుండా మొరం కట్టను సాఫుగా పోస్తే నీళ్లు తమకు ఇష్టమైన చోట తెంపుకుంటాయి. అది చాలాసార్లు గట్టుకు ఆనుకున్న చోటే అవుతుంది, దాంతో గట్టు పొలం కూడా పోతుంది.

పైపుల లెక్కలో జరిగే పొదుపు కూడా చూడాలి. పైన 10 మీటర్ల వెడల్పు కావాలి: 7 మీటర్ల రోడ్డు, రెండు పక్కలా మీటరున్నర అంచు. కట్ట ఎత్తు 2.5 మీటర్లు, వాలు ఒకటికి ఒకటిన్నర అయితే అడుగున వెడల్పు 17.5 మీటర్లు. పైపు పొడవు 2.5 మీటర్లు కాబట్టి ఒక వరుసకు 7 పైపులు. 12 వరుసలకు 84. రెండు వైపులా సిమెంటు కలిపిన ఇసుక బస్తాలతో తల గోడ కడితే వరుసకు 5 పైపులతో సరిపెట్టొచ్చు. గోడ కట్టకుండా 5 పైపులతోనే సరిపెట్టిన చోట కథ అడ్డం తిరుగుతుంది. వాలు నిట్టనిలువుగా మారి, రోడ్డు అంచు మొదటి నెలలోనే జారిపోతుంది. లారీ పక్కకు ఒరిగితే వాగులోకే. పైపు రకం కూడా అడగాలి. భారీ బండ్ల కింద ఎన్‌పీ4 అనే గట్టి రకం వేయాలి. తక్కువ రకం వేసి పైన మట్టి మందం 60 సెంటీమీటర్లు కూడా లేకుంటే గ్రానైట్ లారీ పోయిన రోజే పైపు నెత్తి మీద నిలువునా బీట తీస్తుంది.

డైవర్షన్ మీద నడిచే ఎవరైనా కంటితో చూసి పట్టుకోగల లోపం ఒకటుంది. రోడ్డు మధ్యలో పళ్లెం అంత చిన్న లొత్త. చుట్టూ కంకర గట్టిగానే ఉంటుంది, మధ్యలో మాత్రం నాలుగు వేళ్ల లోతు దిగి ఉంటుంది. పొద్దున టిప్పరు మొరం తెచ్చి పూడుస్తారు, మూడో రోజుకు మళ్లీ అక్కడే దిగుతుంది. అది గుంత కాదు. దాని కింద రెండు పైపులు కలిసే జాయింటు విడిపోయింది. కాలరు (జాయింటు చుట్టూ వేసే పట్టీ) పెట్టి సిమెంటు కూరకుండా పైపులను ఊరికే తల తల ఆనించి వదిలారు. నీళ్లు పైపులో నిండుగా పోయినప్పుడల్లా ఆ సందులోంచి మొరం సన్నగా లాక్కుపోతోంది. పైన ఎంత పోసినా కింద ఖాళీ పెరుగుతూనే ఉంటుంది. ఒక రోజు బస్సు ముందు చక్రం దిగబడుతుంది. దీనికి మందు ఒక్కటే: ఆ వరుస వరకు తవ్వి, జాయింటు బిగించి, చుట్టూ కాంక్రీటు వేసి మళ్లీ పూడ్చడం. రెండు రాత్రుల పని. మొరం పోసి వెళ్తున్నారంటే ఊరివాళ్లు అక్కడే నిలబడి అడగాలి.

కట్ట పైన ఏం వేశారన్నది మరో సంగతి. మొరం మాత్రమే ఉంటే ఎండాకాలం దుమ్ము, వానకు బురద. తడి కలిపిన కంకర వేసి వదిలేస్తే రెండు వారాలకు సన్నపొడి లేచిపోయి రాళ్లు తేలుతాయి, బైకులు జారుతాయి. 20 సెంటీమీటర్ల గ్రావెల్, 25 సెంటీమీటర్ల తడి కంకర రెండు పొరల్లో, ఆ పైన 5 సెంటీమీటర్ల డాంబరు. ఆరు నెలలు దాటి వాడే ఏ డైవర్షన్‌కైనా ఇది కనీసం. ట్యాంకరుతో నీళ్లు చల్లడం డాంబరుకు బదులు కాదు. మలుపు కూడా లెక్క ప్రకారమే ఉండాలి. 40 కిలోమీటర్ల వేగానికి దాదాపు 60 మీటర్ల వ్యాసార్థం కావాలి, 30కి 32 మీటర్లు చాలు. పాత రోడ్డు నుంచి ఒక్కసారిగా మలుపు తిప్పి, దిగుడు కూడా అక్కడే పెడితే గ్రానైట్ దిమ్మె లారీలో కదులుతుంది. దిగుడు ఇరవైకి ఒకటి కన్నా నిటారుగా ఉండొద్దు.

ఎగువనా దిగువనా అన్న ప్రశ్నకు మా జవాబు దిగువనే, పని జాగాకు 25, 30 మీటర్ల ఎడంగా. ఎగువన వేస్తే కట్ట తెగిన రోజు ఆ నీళ్లు, పైపులు, మొరం అన్నీ కొత్త పియర్ల సెంట్రింగు మీదికే వస్తాయి. పైపు ఒక్కోటి 3 టన్నుల పైమాటే.

సగం కూల్చి సగం కట్టడం: 5కు 3

వాగుకు రెండు పక్కలా ఇళ్లో, గుడో, అడవో ఉండి డైవర్షన్‌కు జాగా లేని చోట ఇది వాడతారు. కాగితం మీద అందంగా ఉంటుంది. పాత వంతెన వెడల్పు కొలిచి చూస్తే అసలు కష్టం తెలుస్తుంది. 7.5 మీటర్ల వంతెనలో సగం 3.75. కోసిన అంచుకు అర మీటరు ఎడం వదలాలి, అడ్డు దిమ్మెకు మరో అర మీటరు. మిగిలేది 2.75. బస్సు వెడల్పు 2.6. అద్దాలు పోనూ డ్రైవరుకు మిగిలేది ఏమీ లేదు. యాసంగి కోతలప్పుడు ఇంకో చిక్కు: వరి కోత మిషన్ ముందు భాగం 4 మీటర్లు దాటుతుంది. దాన్ని విప్పి ట్రాక్టరు మీద వేసుకుని పొమ్మని ముందే బోర్డు పెట్టకపోతే ఏప్రిల్‌లో ఒక్క మిషన్ వంతెన మధ్యలో ఇరుక్కుని అటూ ఇటూ రోడ్డును ఆపేస్తుంది.

కాబట్టి ఈ పద్ధతి సరిగ్గా పనిచేసేది ఒక్క తీరులోనే. ఇప్పుడు రెండు లేన్ల కొత్త వంతెనలు 12 మీటర్లు, అంతకు మించి వెడల్పుతో వస్తున్నాయి. పాత వంతెనను ముట్టకుండా దాని పక్కన ముందు 5, 6 మీటర్ల కొత్త పట్టీ కట్టాలి. బండ్లను దాని మీదికి మార్చి, అప్పుడు పాతది కూల్చి, రెండో పట్టీ కట్టి, రెంటినీ మధ్యలో కలపాలి. పాతదాన్నే నిలువునా కోసి సగం మీద బండ్లు నడిపే పని, వేరే దారి ఏదీ లేనప్పుడే.

కోయక తప్పకపోతే వంతెన రకం చూసుకోవాలి. సాదా స్లాబు వంతెనలో అసలు చువ్వలు పొడవునా ఉంటాయి కాబట్టి నిలువునా కోసినా సగం నిలుస్తుంది. మూడు గడ్డర్ల వంతెనలో మధ్య గడ్డరు ఎటువైపు ఉంచాలో తేల్చాలి. ఒక గడ్డరు మీద సగం స్లాబు వేలాడితే అది మెలి తిరుగుతుంది. రెండు గడ్డర్లు ఒకవైపు ఉంచి కోయాల్సిందే, అడ్డ దూలాలు తెగిన చోట తాత్కాలికంగా ఇనుప దూలం బిగించాలి. రాతి కమాను వంతెనను మాత్రం సగం కోయొద్దు. కమానులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడతాయి. ఒక ఖానా (రెండు పియర్ల మధ్య భాగం) తీస్తే పక్క పియరు మీద ఒకవైపు తోపుడే మిగులుతుంది, పైగా లోపలి మట్టి నింపుడు కోసిన వైపు జారుతుంది. కోతకు డిస్క్ లేదా వైరు రంపం వాడాలి. హిటాచీకి బ్రేకరు తగిలించి దంచితే మిగిలిన సగం కూడా బీటలు తీస్తుంది. ఇరవై టన్నుల యంత్రాన్ని ఆ సగం మీదికే ఎక్కించి కూల్చడం ప్రాణాలతో ఆడటమే. పునాది రాతిలో తవ్వేటప్పుడు కూడా అంతే. వరంగల్ చుట్టుపక్కల గట్టి రాయి పైపైనే తగులుతుంది, వెంటనే పేలుడు వైపు మనసు పోతుంది. పక్కన బండ్లు నడిచే వంతెన ఉన్నప్పుడు రాయి బ్రేకరుతోనే తీయాలి.

అతుకు దగ్గర అసలైన నైపుణ్యం తెలుస్తుంది. మొదటి పట్టీ నుంచి చువ్వలు బయటికి వదిలి ఉంచుతారు. 16 మిల్లీమీటర్ల చువ్వ అతుకు పొడవు 50 రెట్లు అనుకుంటే 80 సెంటీమీటర్లు. అంత జాగా లేకపోతే కప్లర్లు (చువ్వలను కలిపే ఇనుప గొట్టాలు) వాడాలి. వంచి దాచిన చువ్వలను తర్వాత సరిచేస్తే అవి వంగిన చోటే బలహీనపడతాయి. నెలల తరబడి ఎండా వానల్లో ఉండే చువ్వలకు సిమెంటు పాలు పూయాలి, లేకపోతే తుప్పు పొరలుగా లేస్తుంది. ఇక అతుకు కాంక్రీటు పోసే రాత్రి పక్క పట్టీ మీద లారీ పోయిన ప్రతిసారీ ఆ స్లాబు కొద్దిగా దిగి లేస్తుంది, చువ్వలు పచ్చి కాంక్రీటులో కదులుతాయి, చువ్వ చుట్టూ సన్నని ఖాళీ మిగిలిపోతుంది. రెండేళ్ల తర్వాత వంతెన మధ్యలో నిలువునా ఒక గీత కనబడి అందులోంచి నీళ్లు కారుతున్నాయంటే మూలం ఆ రాత్రే. పోసిన తర్వాత కనీసం ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏ బండీ పోకూడదు, ఆ తర్వాత రోజంతా భారీ బండ్లు ఆపాలి. ఆ ఒక్క రాత్రి మూయడానికి పోలీసుల అనుమతి ముందే తీసుకోని పనికి మేము మార్కులు ఇవ్వం.

ఒకే లేనులో అటూ ఇటూ వదలడానికి ఒక లెక్క. ఒంటి లేను పొడవు 300 మీటర్లు, వేగం 20 కిలోమీటర్లు అయితే ఖాళీ కావడానికి 54 సెకన్లు. ఒక్కో వైపు నిమిషం పాటు వదిలితే, మూడు సెకన్లకో బండి లెక్కన గంటకు ఒక వైపు 315 బండ్లు పోతాయి. అదే లేనును 120 మీటర్లకు కుదిస్తే ఖాళీ సమయం 22 సెకన్లే, గంటకు 440 పోతాయి. పైసా ఖర్చు లేకుండా మూడో వంతుకు పైగా ఎక్కువ బండ్లు పోతాయి. అయినా చాలాచోట్ల సామాన్లు పెట్టుకోవడానికి వీలని అర కిలోమీటరు పొడవున లేను మూసి ఉంచుతారు. జెండాలు పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ల మధ్య వాకీటాకీ కూడా ఉండదు. వాకీటాకీ లేకపోతే చివరి బండి డ్రైవరు చేతికి ఒక కర్ర ఇచ్చి పంపి, అవతల అది అందాకే ఎదురు బండ్లను వదిలే పాత పద్ధతి ఉంది. అదైనా పాటించాలి.

పక్కన కొత్తది, తర్వాత పాతది: 5కు 4.5

జాగా ఉంటే దీన్ని మించింది లేదు. నిర్మల్ దగ్గర సోన్‌లో గోదావరి మీద పాత రాతి వంతెన పక్కనే జాతీయ రహదారి కొత్త వంతెన వచ్చింది. రాయపట్నంలోనూ పాత లోలెవల్ వంతెన పక్కనే ఎత్తైన వంతెన కట్టారు. కడుతున్నంత కాలం పాతది పనిచేస్తుంది, వరదకు పోయే కట్ట ఉండదు, రాత్రి హడావిడి ఉండదు. అర మార్కు తగ్గించింది భూసేకరణకు. రెండు చివరలా రోడ్డును కొత్త వంతెన వైపు మళ్లించడానికి ఇరువైపులా వందల మీటర్ల పట్టీ కావాలి. వంతెన పూర్తయి, దాని మీదికి ఎక్కే అప్రోచ్ రోడ్డు లేక ఏళ్లు ఆగిన కట్టడాలు అన్ని జిల్లాల్లో ఉన్నాయి. భూమి చేతికి రాకముందే పియర్లు మొదలుపెట్టడం వల్లే అట్లా అవుతుంది. మిషన్ భగీరథ పైపులు, కరెంటు స్తంభాలు, ఫైబర్ కేబుళ్లు ఆ పట్టీలోనే ఉంటాయి. వాటిని మార్చే పనిని మొదటి నెలలోనే మొదలుపెట్టాలి.

గడ్డర్లు ఎక్కించాక వాటిని వెంటనే ఒకదానికొకటి కట్టేయాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి. 25 మీటర్ల ప్రీస్ట్రెస్ (లోపలి ఉక్కు తీగలను లాగి బిగించిన) గడ్డరు దాదాపు 40 టన్నులు, ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. ఒంటరిగా నిలబెడితే గాలికే పక్కకు పడగలదు. 2024 ఏప్రిల్‌లో మానేరు మీద ఓడేడు దగ్గర కడుతున్న వంతెన గడ్డర్లు రాత్రి గాలులకు కూలాయి. అడ్డ దూలాలు పోయకుండా గడ్డర్లను నెలలు, ఏళ్లు వదిలేసే ఏ పని దగ్గరా, వాటి కింది నుంచి డైవర్షన్ రోడ్డు పోనివ్వకూడదు.

నాలుగు లేన్ల రోడ్డు మీద ఎదురు వైపుకు మళ్లించడం: 5కు 4

హైదరాబాద్ నుంచి హనుమకొండకు వచ్చే 163వ నంబరు రోడ్డు, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పోయే 44వ నంబరు రోడ్డు లాంటి చోట్ల రెండు వైపులకూ వేరువేరు వంతెనలు ఉంటాయి. ఒకటి మూసి, రెండు దిక్కుల బండ్లనూ రెండో దాని మీదికి మళ్లిస్తే వాగులో కట్ట పోసే పనే ఉండదు. ప్రమాదం మొదటి వారం రాత్రుల్లోనే ఉంటుంది. నాలుగు లేన్ల రోడ్డుకు అలవాటుపడ్డ డ్రైవరు ఎదురుగా వచ్చే లైటును అవతలి వైపు బండి అనుకుంటాడు. మధ్యలో కాంక్రీటు దిమ్మెలు గొలుసుగా పెట్టాలి. ప్లాస్టిక్ అడ్డుల్లో నీళ్లు నింపకపోతే గాలికి జరుగుతాయి, మన ఎండకు ఆ నీళ్లు ఆవిరైపోతాయి, మళ్లీ నింపేవాళ్లు ఉండరు. ఒక లేను మూసేటప్పుడు అడ్డులను ఏటవాలుగా పేర్చే పొడవు 50 కిలోమీటర్ల వేగానికి కనీసం 55, 60 మీటర్లు ఉండాలి. పది మీటర్లలో నాలుగు డ్రమ్ములు పెట్టి ముగించడం కనిపిస్తే అక్కడ బ్రేకుల నల్లటి మరకలు కూడా కనిపిస్తాయి.

ముందే పోసి తెచ్చి అమర్చడం: చిన్న వంతెనలకు 5కు 4, పెద్దవాటికి ఇంకా మార్కులు వేయలేం

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం మెడ్‌ఫోర్డ్ దగ్గర ఐ-93 రహదారి మీద 2011 వేసవిలో 14 వంతెనల పైభాగాలను 10 వారాంతాల్లో మార్చారు. గడ్డరూ స్లాబూ కలిపి ముందే తయారుచేసిన ముక్కలను తెచ్చి, పాత పియర్ల మీదనే పెట్టి, త్వరగా గట్టిపడే కాంక్రీటుతో అతికారు. ఈ ఉదాహరణ మన దగ్గర తరచూ వినిపిస్తుంది. అక్కడ పునాదులు బాగున్నాయి, మారింది పైభాగమే. మన వాగుల మీద చెడేది ఎక్కువగా పునాదీ, నీటి దారీ. వాటిని వారాంతంలో మార్చలేం.

ఒర్రెల మీద, పంట కాల్వల మీద ఉన్న చిన్న వంతెనలకు మాత్రం ముందే పోసిన కాంక్రీటు పెట్టెలు చక్కగా నప్పుతాయి. అడుగున కాంక్రీటు పరుపు సమంగా పోసి, క్రేనుతో పెట్టెలు దించి, జాయింట్లు బిగించి, రెండు పక్కలా ఒకే ఎత్తులో 20 సెంటీమీటర్ల పొరలుగా నింపుకుంటూ రావాలి. ఒక పక్క ముందు నింపితే పెట్టె జరుగుతుంది. అంతా సిద్ధంగా ఉంటే మూసివేత రెండు మూడు రోజులతో అయిపోతుంది. కాకతీయ కాల్వ మీద పనికి ఇంకో షరతు ఉంది: యాసంగి నీళ్లు ఆగినాకే లోపలికి దిగాలి. అంటే ఎండాకాలం ఆఖరి వారాలే చేతిలో ఉంటాయి. పెట్టెలు అప్పటికే పోసి, తడిపి, గట్టిపడి సిద్ధంగా ఉండాలి.

బెయిలీ ఇనుప వంతెనలను అత్యవసరానికి తప్ప వాడొద్దని మా అభిప్రాయం. 3 మీటర్ల ముక్కలు మనుషులే మోసి బిగించవచ్చు, నిజమే. 2024లో వయనాడ్‌లో కొండచరియలు పడ్డాక సైన్యం 190 అడుగుల వంతెన కట్టింది, దాని సామర్థ్యం 24 టన్నులు. అది ప్రాణాలు కాపాడటానికి. రోజూ లోడు లారీలు తిరిగే మన రహదారికి ఏడాది పాటు అది చాలదు.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి

అన్ని పద్ధతుల మార్కులూ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. వాగులు తగ్గేది నవంబరులో, వానలు వచ్చేది జూన్ మొదట్లో. చేతిలో ఉండేది ఏడు నెలలు. ఉత్తర తెలంగాణలో ఆ ఏడు నెలలు కూడా ఖాళీగా ఉండవు. నవంబరు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు, ఫిబ్రవరి నుంచి మిర్చి, ఏప్రిల్, మే నెలల్లో కొనుగోలు కేంద్రాల నుంచి వడ్ల లారీలు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర. జాతర ఉన్న ఏడాది ములుగు, పస్రా వైపు రోడ్ల మీద నవంబరులో వంతెన కూల్చితే జనవరి ఆఖరుకు లేదా ఫిబ్రవరికి జనం సముద్రంలా వచ్చే సమయానికి సగం పనిలో డైవర్షన్ మీద నిలబడాల్సి వస్తుంది. ఆ ఏడాది చేయాల్సిన తీరు వేరే. జాతరకు ముందు గడ్డర్లు యార్డులో పోసి ఉంచాలి, భూమీ పైపులూ తేల్చుకోవాలి, వాగుకు పక్కన పునాదులు లేపాలి. పాత వంతెనను మాత్రం జనం తిరుగుప్రయాణం ముగిశాకే ముట్టాలి. అప్పటికి మిగిలేది మూడున్నర నెలలే కాబట్టి ఆ ఏడాదికి చిన్న ఖానాల వంతెనలే పెట్టుకోవాలి, పెద్దవి తర్వాతి ఏడాదికి.

వానాకాలం రాకముందు స్లాబు పడలేదని తేలితే, జూన్ మొదటి వారంలోనే తీర్మానించాలి. డైవర్షన్‌ను ఆ ఏడాది నిలపాలా, పాత వంతెన ఇంకా ఉంటే దాని మీదికి మళ్లీ బండ్లు మార్చాలా అని. ఎగువ చెరువులు మత్తడి దూకితే ఇక్కడ చినుకు పడకపోయినా వాగు వస్తుంది. రాత్రి కాపలా మనిషి దగ్గర ఎగువ ఊరి ఫోను నంబరు ఉండాలి, కట్ట రెండు చివరలా గొలుసు వేసే స్తంభాలు ముందే పాతి ఉండాలి. నీళ్లు కట్ట మీద పారుతున్నప్పుడు ఎంత లోతుందో కారులోంచి తెలియదు. గొలుసు లేని చోట ఎవరో ఒకరు దాటడానికి చూస్తారు.

కొత్త వంతెన తెరిచిన రోజు

వంతెన నునుపుగా ఉండి, ఎక్కే చోట, దిగే చోట బండి ఎగిరిపడితే ఆ పని తొందరలో తెరిచినదని అర్థం. అబట్‌మెంటు (వంతెన చివరి గోడ) వెనక నింపుడు 15, 20 సెంటీమీటర్ల పొరలుగా వేసి చిన్న రోలరుతో తొక్కించాలి. గోడను ఆనుకుని రాళ్ల వడపోత పొర 60 సెంటీమీటర్లు, నీళ్లు పోయే రంధ్రాలు, పైన అప్రోచ్ స్లాబు. చివరి పదిహేను రోజుల్లో టిప్పర్లతో ఒకేసారి మొరం గుమ్మరించి పైన డాంబరు వేస్తే మొదటి వానకే అది కూర్చుంటుంది. తర్వాత ఏడాదికి రెండుసార్లు డాంబరు అతుకు వేస్తూ పోవాల్సిందే. సగం సగం కట్టిన వంతెనైతే జాయింటు రబ్బరు పట్టీని గమనించండి. ఇనుప అంచులను రెండు విడతల్లో వెల్డింగు చేయవచ్చు, రబ్బరు మాత్రం వంతెన వెడల్పంతా ఒకే ముక్కగా ఉండాలి. మధ్యలో అతికిన రబ్బరు రెండో వానాకాలానికి విడుతుంది, ఆ నీళ్లు నేరుగా బేరింగుల మీద పడతాయి.

బండ్లు కొత్త వంతెన మీదికి మారగానే డైవర్షన్ కట్టను, పైపులను, కూల్చిన కాంక్రీటు ముక్కలను వాగులోంచి పూర్తిగా తీయించాలి. పాత పియర్లను వాగు అడుగు మట్టం కన్నా కిందికి కోయాలి. ఇది చేయకుండా వదిలేసిన వాగుల్లో వరద పక్కకు తిరిగి కొత్త వంతెన అప్రోచ్‌నే కోస్తుంది. తీసివేతకు టెండరులో విడిగా ఒక ఐటెం, విడిగా డబ్బు ఉన్నాయో లేదో సర్పంచు, రైతులు పని మొదట్లోనే అడిగి తెలుసుకోవాలి. పైపులు మళ్లీ పనికొస్తాయి కాబట్టి వాటిని ఎట్లాగూ పట్టుకుపోతారు. మొరం, కాంక్రీటు తీయించడానికి మాత్రం ఆఖరి బిల్లు ఆపి ఉంచాలి.